పాత కారులో కొత్త ఇంజన్, గేర్‌బాక్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత కారు బానెట్ ఎత్తగానే చుట్టూ చేరినవాళ్లు అడిగేది ఒకటే: "ఎన్ని హార్స్‌పవర్?" పని మొదలుపెట్టేవాళ్లు మాత్రం వేరేవి అడగాలి. ఆయిల్ ఛాంబర్ దేనికి తగులుతుంది? గేర్ లివర్ ఎక్కడ తేలుతుంది? పెట్రోల్ ఎంత ప్రెషర్‌తో రావాలి? ఇంజన్ ఎలాగోలా పట్టేస్తుంది. కారు రోడ్డు మీద నిలబడాలా, షెడ్డులో దుమ్ము కొట్టుకుపోవాలా అన్నది ఆ ఇంజన్ చుట్టూ ఉండే సామాను తేలుస్తుంది. నన్ను తరచుగా అడిగే ప్రశ్నలనూ, అడగకపోయినా నేను చెప్పే కొన్నిటినీ ఇక్కడ రాస్తున్నాను.

నా పాత కారుకి ఇంజన్ మార్పిడి నిజంగా అవసరమా?

ముందు మీకు ఇబ్బంది ఎక్కడో చూడండి. పొద్దున్నే స్టార్ట్ కావడం లేదంటే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టి, కార్బ్యురేటర్ విప్పి శుభ్రం చేయిస్తే చాలావరకు తీరుతుంది. వేడెక్కుతోందంటే రేడియేటర్ లోపలి గొట్టాలు పూడుకుపోయి ఉండొచ్చు. హైవే మీద హోరు భరించలేకపోతున్నారంటే లోపం ఇంజన్‌ది కాదు, గేర్‌బాక్స్‌ది. నాలుగు గేర్ల పాత బాక్స్ తీసి ఓవర్‌డ్రైవ్ (అదే వేగానికి ఇంజన్‌ని నెమ్మదిగా తిప్పే పై గేరు) ఉన్న అయిదు గేర్ల బాక్స్ ఒక్కటి పెడితే కారు స్వభావమే మారిపోతుంది. నా దగ్గరికి ఇంజన్ మార్చాలని వచ్చినవాళ్లలో కొందరు ఆ పని దగ్గరే ఆగిపోయి సంతోషంగా తిరుగుతున్నారు.

ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు కంపెనీ రికార్డుతో కలిసే అరుదైన కారైతే దాని జోలికి వెళ్లకండి. ఆ రెండూ కలవడంలోనే దాని విలువ చాలా భాగం ఉంటుంది. అసలు ఇంజన్ ఎప్పుడో పోయి, ఇద్దరు ముగ్గురు యజమానులు ఏదేదో తగిలించిన కారైతే, పైన బాడీ గట్టిగా ఉంటే, ఈ పనికి అంతకంటే మంచి బండి దొరకదు.

ఇలా చేస్తే కారుకి అపచారం చేసినట్టు కాదా?

కంపెనీలే చేసిన పని ఇది. 1962లో బ్రిటన్ ఏసీ కంపెనీ వాళ్ల తేలికపాటి ఏస్ కారులో అమెరికన్ ఫోర్డ్ వీ8 (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్ల ఇంజన్) పెడితే కోబ్రా పుట్టింది. 1964లో సన్‌బీమ్ ఆల్పైన్‌లో దాదాపు అదే ఇంజన్ దూర్చి టైగర్ అన్నారు. ఆ టైగర్ కథ ఈ పని మొదలుపెట్టే ప్రతివాళ్లూ తెలుసుకోవాలి. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఉండే చోట వీ8 పట్టడానికి స్టీరింగ్ వ్యవస్థనే మార్చి ర్యాక్ పెట్టాల్సి వచ్చింది. అంతా అయ్యాక వెనక మూలన ఉన్న ఒక స్పార్క్ ప్లగ్‌కి బానెట్ వైపు నుంచి చెయ్యి అందలేదు. దాన్ని విప్పడానికి ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే ఇనుప గోడకి, అంటే ఫైర్‌వాల్‌కి, రంధ్రం చేసి రబ్బరు మూత పెట్టారు. అంటే ప్లగ్ మార్చాలంటే కారు లోపల కూర్చోవాలి! ఇంజనీర్లున్న కంపెనీకే ఆ గతి పట్టిందంటే మన షెడ్డులో ఏదైనా అడ్డం తగిలినప్పుడు టెన్షన్ పడక్కర్లేదు.

1973లో వచ్చిన ఎంజీబీ జీటీ వీ8 ఇంకో మంచి ఉదాహరణ. అందులోది 3.5 లీటర్ల రోవర్ ఇంజన్, దాని మూలం అమెరికాలో బ్యూక్ చేసిన అల్యూమినియం వీ8. సిలిండర్లు రెట్టింపైనా, పాత ఇనుప నాలుగు సిలిండర్ల ఇంజన్ కంటే బరువు పెరగలేదు. కారు ముక్కు బరువెక్కకపోవడం వల్లే ఆ మార్పిడి అంత బాగా కుదిరింది.

ఏ ఇంజన్ ఎంచుకోవాలి?

పవర్ చూసి ఎంచుకోకండి. పొడవు, ఎత్తు, బరువు, ఛాంబర్ లోతు ఎటు ఉంది, విడి సామాను దొరుకుతుందా, దాని కంప్యూటర్‌ని మీ దగ్గర ఎవరైనా ప్రోగ్రామ్ చేయగలరా... వీటి తర్వాతే హార్స్‌పవర్.

1997లో కొర్వెట్‌తో వచ్చిన జనరల్ మోటార్స్ ఎల్‌ఎస్ వీ8 ప్రపంచమంతా ఇంతగా వాడుకలోకి రావడానికి కారణం దాని బలం ఒక్కటే కాదు. క్యామ్ షాఫ్ట్ పైన కాకుండా బ్లాక్ లోపల, పుష్‌రాడ్ పద్ధతిలో ఉండటంతో సిలిండర్ల పైనుండే తలలు (హెడ్లు) చిన్నవి, ఇంజన్ వెడల్పు తక్కువ. లీటర్ల లెక్కలో చిన్నవైనా పైన నాలుగు క్యామ్‌లున్న వీ8లు దీనికంటే వెడల్పు. ఫోర్డ్ 5 లీటర్ల కొయోటీ మంచి ఇంజనే కానీ పాత మస్టాంగ్‌లో పెట్టాలంటే ముందు సస్పెన్షన్ టవర్లు అడ్డమొస్తాయి. టవర్లు కోశారంటే ముందు సస్పెన్షన్ మొత్తం కొత్తది వేయాల్సిందే. అక్కడితో ఇంజన్ పని కాస్తా చాసిస్ పని అయిపోతుంది.

వరుసగా ఆరు సిలిండర్లుండే టొయోటా 2జేజెడ్ లాంటివి సన్నగా ఉంటాయి, ఎగ్జాస్ట్‌కి పక్కన చోటు దొరుకుతుంది. కానీ పొడవు ఎక్కువ. రేడియేటర్ ముందుకి, లేదా ఫైర్‌వాల్ వెనక్కి జరగాలి.

టన్ను కూడా తూగని చిన్న కారుకి 1.8 నుంచి 2.4 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్ చాలు. 300 హార్స్‌పవర్ పెట్టి, తర్వాత యాక్సిల్, బ్రేకులు, చాసిస్ అన్నీ మార్చుకుంటూ పోయినవాళ్లని చూశాను. అలాంటి కారు మీద నాకు ముచ్చట వేయదు.

ఇంజన్ ఒక్కటే కొంటే చాలదా? పూర్తి డోనర్ కారు ఎందుకు?

డోనర్ అంటే ఇంజన్ ఇచ్చే కారు, దాన్ని పూర్తిగానే కొనండి. ముందు భాగం గుద్దుకోని, వెనక దెబ్బ తిన్న బండి దొరికితే మరీ మంచిది. అది నడుస్తుండగా చూడాలి. గేర్లు అన్నీ పడుతున్నాయా, ఇంజన్ వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ ఎంతుంది, ఫ్యాన్ ఎప్పుడు తిరుగుతోంది అన్నవి అప్పుడే తెలుస్తాయి.

ఒక్క ఇంజన్ చవగ్గా దొరికిందని కొంటే తర్వాత ఒక్కొక్కటే బయటపడుతుంది. ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్), వైరింగ్, యాక్సిలరేటర్ పెడల్, థ్రాటిల్ బాడీ, ఎయిర్‌ఫ్లో మీటర్, ఆక్సిజన్ సెన్సార్లు, తాళం చెవి. అవును, తాళం చెవి. ఇమ్మొబిలైజర్ ఉన్న కారు ఈసీయూ తన చెవిలోని చిప్‌ని గుర్తుపట్టకపోతే ఇంజన్ తిరుగుతుంది, రెండు సెకన్లు మండుతుంది, ఆగిపోతుంది. అది తెలియక నేను మొదటిసారి మూడు రోజులు ఫ్యూయల్ పంప్‌ని అనుమానించాను.

విప్పే ముందు ఫోటోలు తీయండి. ప్రతి ప్లగ్‌కి చీటీ కట్టండి. ఇంజన్ ఆ కారులో ఎంత వాలుగా కూర్చుందో కోణం కొలిచి రాసుకోండి. దించేశాక ఆ లెక్క మళ్లీ దొరకదు.

అడ్డంగా కూర్చునే ఇంజన్‌ని కారు పొడవు వెంట పెట్టొచ్చా?

పెట్టొచ్చు, చాలామంది పెడుతున్నారు. హోండా కే సిరీస్ అలా బాగా వాడుకలో ఉంది. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. హోండా పాత బీ సిరీస్, డీ సిరీస్ ఇంజన్లు మిగతా కంపెనీల వాటికి ఎదురు దిశలో తిరుగుతాయి, కే సిరీస్ మాత్రం అందరిలాగే తిరుగుతుంది. ఎదురు తిరిగే ఇంజన్‌ని మామూలు గేర్‌బాక్స్‌కి తగిలిస్తే ముందుకి ఒక గేరు, వెనక్కి నాలుగు మిగులుతాయి. నవ్వు వస్తుంది కానీ కొనేముందు చూసుకోవాలి.

దిశ కలిసినా మూడు అడ్డంకులుంటాయి. గేర్‌బాక్స్‌ని కలిపే అడాప్టర్ ప్లేట్, దానికి సరిపడే ఫ్లైవీల్ కావాలి. నీళ్ల గొట్టాలు ఇంజన్ చివర నుంచి వస్తుంటే ఫైర్‌వాల్‌కి తగులుతాయి. స్టార్టర్ మోటర్ గేర్‌బాక్స్ వైపు ఉంటే టనెల్‌లో, అంటే కారు నేలలో గేర్‌బాక్స్ పట్టే ఉబ్బులో, చోటు చాలదు. రెడీమేడ్ కిట్ లేని ఇంజన్‌తో మొదటి మార్పిడికి దిగకండి.

పాత గేర్‌బాక్స్‌నే ఉంచొచ్చా?

ఒక చిన్న లెక్క చూడండి. పాత ఇంజన్ టార్క్ (తిప్పే బలం) 120 న్యూటన్ మీటర్లు అనుకుందాం. మొదటి గేరు నిష్పత్తి 3.4, వెనక యాక్సిల్ మధ్యలో ఉండే డిఫరెన్షియల్‌ది 3.9 అయితే యాక్సిల్‌కి చేరేది సుమారు 1590. అదే చోట 300 న్యూటన్ మీటర్ల ఇంజన్ పెడితే దాదాపు 3980. పాత గేర్‌బాక్స్ పళ్లూ, యాక్సిల్ షాఫ్టులూ మొదటి లెక్కని దృష్టిలో పెట్టుకుని చేసినవి. కొత్త ఇంజన్‌కి అలవాటైన గేర్‌బాక్స్‌నే దానితోపాటు తీసుకోండి. బెల్ హౌసింగ్ (ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే గంట ఆకారపు తొడుగు), ఫ్లైవీల్, క్లచ్, స్టార్టర్ నాలుగూ ఒకదానికొకటి కలిసి వస్తాయి కాబట్టి సగం తలనొప్పి అక్కడే పోతుంది.

అడాప్టర్ ప్లేట్ వాడక తప్పకపోతే డయల్ గేజ్ పెట్టి బెల్ హౌసింగ్ కేంద్రం క్రాంక్‌తో కలిసిందో లేదో చూడండి. ఒక చుట్టు తిప్పితే ముల్లు 0.13 మి.మీ. కంటే ఎక్కువ కదలకూడదు. కదిలితే పైలట్ బేరింగ్, గేర్‌బాక్స్ ముందు బేరింగ్ అరిగిపోతాయి. గేర్లు పడటం కష్టమవుతుంది, క్లచ్‌ని తిడతారు.

గేర్ లివర్ ఎక్కడ తేలుతుందో ఇంజన్ కొనకముందే కొలవండి. సీటు కింద నుంచి లివర్ వచ్చిన కారు ఒకటి నా కళ్లతో చూశాను. కొన్ని గేర్‌బాక్సులకి లివర్‌ని ముందుకీ వెనక్కీ జరిపే వీలుంటుంది, అన్నిటికీ ఉండదు.

మాజ్దా ఎంఎక్స్5 సామాను వాడేవాళ్లకి ఒక మాట. ఆ కారులో గేర్‌బాక్స్ తోకకి విడిగా మౌంటింగ్ లేదు. గేర్‌బాక్స్ నుంచి డిఫరెన్షియల్ దాకా సాగే పొడవాటి ఫ్రేమ్ దాన్ని మోస్తుంది. వేరే కారులోకి మారిస్తే ఆ ఫ్రేమ్ ఉండదు కాబట్టి గేర్‌బాక్స్‌కి కొత్త ఆధారం మీరే చేయించాలి.

డిఫరెన్షియల్ మార్చాలా?

మళ్లీ లెక్కే. టైరు చుట్టుకొలత 2 మీటర్లు అయితే గంటకి 100 కిలోమీటర్ల దగ్గర చక్రం నిమిషానికి 833 సార్లు తిరుగుతుంది. 3.9 డిఫరెన్షియల్‌తో, నేరుగా నడిచే నాలుగో గేరులో ఇంజన్ 3250 తిరగాలి. 0.72 ఓవర్‌డ్రైవ్ గేరుతో అది 2340కి దిగుతుంది. అంటే చాలాసార్లు నిష్పత్తి మార్చనక్కర్లేదు, కొత్త గేర్‌బాక్సే ఆ పని చేసిపెడుతుంది. టీ56 లాంటి ఆరు గేర్ల బాక్సులు కొన్నిట్లో ఆఖరి గేరు 0.50 దాకా ఉంటుంది. దానికి తక్కువ నిష్పత్తి డిఫరెన్షియల్ కూడా తోడైతే ఆరో గేరు ఎప్పటికీ వాడలేరు.

బలం మాట వేరు. పైన చెప్పిన టార్క్ లెక్క మీ యాక్సిల్‌కి మించితే బలమైన యాక్సిల్ వేయాల్సిందే. సన్నని టైర్లు ఉంచితే కొంత ఆదా, ఎందుకంటే యాక్సిల్ విరిగేలోపు టైరే జారుతుంది. వెడల్పు టైర్లు వేసిన మరుసటి వారమే యాక్సిల్ విరగడం అందుకే.

ఆటోమేటిక్ పెట్టుకోవచ్చా?

పెట్టొచ్చు. కొత్త ఆటోమేటిక్‌లకి సొంత కంప్యూటర్ ఉంటుంది. అది ఇంజన్ ఈసీయూతో నిరంతరం మాట్లాడుతుంటుంది, కాబట్టి రెండూ ఒకే డోనర్‌వి అయితేనే సుఖం. 2009 నుంచి వస్తున్న ఎనిమిది గేర్ల జెడ్‌ఎఫ్ బాక్సులో ఆ కంప్యూటర్ బాక్సు లోపలే ఉంటుంది. దాన్ని వేరే ఇంజన్‌తో నడపాలంటే విడిగా కంట్రోలర్ కొనాలి. ఇక ఆయిల్ కూలర్ మర్చిపోవద్దు. ఆటోమేటిక్‌ని చంపేది ఎక్కువగా వేడే.

ఇంజన్‌ని ఎలా కూర్చోబెట్టాలి?

ఇక్కడ తొందర పనికిరాదు. మొదట పైన ఏమీ లేని ఖాళీ బ్లాక్‌కి గేర్‌బాక్స్ తగిలించి దించండి, చూడండి, తీయండి. మళ్లీ ఛాంబర్ పెట్టి దించండి. మూడోసారి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లు, ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్ పెట్టి దించండి. ఈ మూడు విడతలూ అయ్యేదాకా కటింగ్ మెషిన్ తీగ గోడకి పెట్టకూడదన్నది నా నియమం.

తగిలేవి దాదాపు ఎప్పుడూ అవే. మొదటిది ఆయిల్ ఛాంబర్. దాని లోతైన భాగం ముందుంటే చాసిస్‌కి అడ్డంగా ఉండే దూలానికి, అంటే క్రాస్ మెంబర్‌కి, వెనకుంటే స్టీరింగ్ రాడ్‌కి తగులుతుంది. ప్రసిద్ధ ఇంజన్లకి వేర్వేరు ఆకారాల ఛాంబర్లు దొరుకుతాయి, ముందు అది చూడండి. ఛాంబర్‌ని కోసి పక్కలకి అతికించొచ్చు. కానీ లోపలి ఆయిల్ పికప్ గొట్టం కూడా దానికి తగ్గట్టు మారాలి, అడుగుకీ గొట్టం మూతికీ మధ్య కంపెనీ పెట్టిన ఖాళీయే ఉండాలి. రెండోది స్టీరింగ్ షాఫ్ట్, ఎగ్జాస్ట్ మధ్య తగవు. ఇంజన్ వేడెక్కి ఊగినప్పుడు కూడా రెండిటి మధ్య వేలు పట్టేంత చోటుండాలి. మూడోది, ఎవరూ ముందు చూడనిది, బానెట్. ఎత్తు సరిపోయిందని మురిసిపోయాక ఎయిర్ ఫిల్టర్ గుర్తొస్తుంది.

ఇంజన్ ఎంత వెనక్కి, ఎంత కిందికి వెళ్తే అంత మంచిదంటారు. నిజమే, కారు బాగా తిరుగుతుంది. అలాగని ఛాంబర్ క్రాస్ మెంబర్ కంటే కిందికి రాకూడదు. మొదటి స్పీడ్ బ్రేకర్ దానికి పరీక్ష.

మౌంటింగులు రబ్బరువే వాడండి. గట్టి ఇనుప మౌంటింగులతో అద్దం కూడా వణుకుతుంది, చాసిస్‌లో పగుళ్లు మొదలవుతాయి.

ప్రొపెల్లర్ షాఫ్ట్ గురించి ఎందుకంత భయపెడతారు?

గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి తిప్పుడు అందించే ఆ షాఫ్ట్ పని అందరూ చివర్లో తొందరపడి చేస్తారు కాబట్టి. యూనివర్సల్ జాయింట్, మన మెకానిక్‌ల మాటలో క్రాస్, కోణంలో తిరిగేటప్పుడు ఒకే వేగంతో తిరగదు. ఒక చుట్టులో రెండుసార్లు వేగం పెరుగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. షాఫ్ట్ రెండో చివర ఉన్న క్రాస్ అదే కోణంలో ఉంటే ఆ హెచ్చుతగ్గుల్ని కొట్టేస్తుంది. అందుకే గేర్‌బాక్స్ ఎంత కిందికి వాలిందో డిఫరెన్షియల్ ముక్కు అంతే పైకి చూడాలి, రెండు గీతలూ సమాంతరంగా ఉండాలి. ఒక్కో క్రాస్ దగ్గర 1 నుంచి 3 డిగ్రీలు మంచిది. సున్నా ఉంటే ఇంకా మంచిదనుకుంటారు కానీ కాదు. కోణం లేకపోతే లోపలి సూది బేరింగులు కదలక ఒకేచోట గాట్లు పడతాయి.

కొలిచేటప్పుడు కారు నాలుగు చక్రాల మీద నిలబడి ఉండాలి, జాక్ మీద కాదు. షాఫ్ట్ గేర్‌బాక్స్‌లోకి పూర్తిగా దూరిపోకుండా 20 నుంచి 25 మి.మీ. ఖాళీ వదలండి. సస్పెన్షన్ పైకీ కిందికీ ఆడినప్పుడు ఆ ఖాళీ కావాలి. తర్వాత షాఫ్ట్‌ని బ్యాలెన్స్ చేయించండి. 80 దగ్గర మొదలై 100 దగ్గర ఆగిపోయే వణుకు వస్తే టైర్ల దగ్గరికి పరిగెత్తకండి, ముందు ఈ కోణాలు కొలవండి.

పాత పెట్రోల్ ట్యాంక్, పాత పైపులు పనికొస్తాయా?

ట్యాంక్ పనికొస్తుంది, పైపులు పనికిరావు. కార్బ్యురేటర్‌కి 3 నుంచి 6 పీఎస్‌ఐ ప్రెషర్ చాలు. ఇంజెక్షన్‌కి 40 నుంచి 60 కావాలి. ఎల్‌ఎస్‌కైతే 58. పాత రబ్బరు పైపు, స్క్రూ క్లిప్పు ఆ ప్రెషర్ దగ్గర కారిపోతే వేడి ఎగ్జాస్ట్ మీద పెట్రోల్ చల్లినట్టే. ఇంజెక్షన్ కోసం చేసిన రబ్బరు పైపుల మీద ఎస్‌ఏఈ 30ఆర్9 అని ముద్ర ఉంటుంది, 30ఆర్7 అని ఉంటే అది తక్కువ ప్రెషర్‌ది. క్లిప్పులు కూడా చుట్టూ సమానంగా నొక్కే రకం వాడండి.

పంప్ ట్యాంక్ లోపల ఉంటే పెట్రోల్ దాన్ని చల్లబరుస్తుంది, శబ్దం వినిపించదు, ఎక్కువ కాలం మన్నుతుంది. పాత ట్యాంకుల్లో అడ్డుగోడలు ఉండవు. పావు ట్యాంకుతో మలుపు తిరిగితే పెట్రోల్ పక్కకి పోయి పంప్ గాలి పీలుస్తుంది, ఇంజన్ ఒక్క క్షణం చచ్చి బతుకుతుంది. కార్బ్యురేటర్ కారుకి ఫ్లోట్ గిన్నెలో నిల్వ ఉంటుంది కాబట్టి ఇది తెలియదు. పంప్ చుట్టూ అడ్డుగోడలు పెట్టించడమో, పంప్‌కి ఎప్పుడూ పెట్రోల్ నిల్వ ఉంచే చిన్న సర్జ్ ట్యాంక్ పెట్టడమో చేయాలి. ట్యాంక్‌కి వెల్డింగ్ మాత్రం ఆ పని తెలిసినవాళ్ల చేతే చేయించండి. ఖాళీ ట్యాంక్ నిండు ట్యాంక్ కంటే ప్రమాదం, లోపల మిగిలిన ఆవిరి పేలుతుంది.

ఇంకొకటి. యాక్సిడెంట్ అయితే పంప్ దానంతట అది ఆగాలి. ఇంజన్ ఆగగానే ఈసీయూ పంప్ కరెంటు ఆపేలా వైరింగ్ చేయండి. స్విచ్ పెట్టి నేరుగా బ్యాటరీ నుంచి నడపొద్దు.

వైరింగ్ నా వల్ల అవుతుందా?

చూడటానికి పాముల పుట్టలా ఉంటుంది కానీ ఒక్కో తీగ పని సులువైనదే. ఈసీయూకి కావలసింది శాశ్వత కరెంటు, తాళం తిప్పితే వచ్చే కరెంటు, గట్టి ఎర్త్, సెన్సార్లు. డోనర్ వైరింగ్‌లో డోర్లు, ఏసీ, ఎయిర్‌బ్యాగుల తీగలు విడదీస్తే మిగిలే కట్ట చాలా చిన్నది. ఆ విడదీసే పని టేబుల్ మీద, సర్క్యూట్ డయాగ్రమ్ ముందు పెట్టుకుని చేయండి. ఓపిక లేకపోతే ఆ ఇంజన్ కోసం తయారైన విడి హార్నెస్ (తీగల కట్ట) కొనండి, అందులో సిగ్గుపడాల్సింది లేదు.

కొనేముందు జోడీ చూసుకోండి. ఎల్‌ఎస్ ఇంజన్లనే తీసుకుంటే తొలి తరం వాటి క్రాంక్ మీద 24 పళ్ల చక్రం, తర్వాతి తరం వాటిలో ఎక్కువ వాటికి 58 పళ్లది ఉంటుంది. ఒకదాని ఈసీయూ ఇంకోదాని సిగ్నల్‌ని చదవలేదు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉంటే పెడల్, థ్రాటిల్ బాడీ, ఈసీయూ మూడూ ఒకే కుటుంబానివి కావాలి.

నేను చూసిన వింత జబ్బుల్లో ఎక్కువ శాతం ఎర్త్ జబ్బులే. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, అంటే చాసిస్‌కీ దానికీ కరెంటు సంబంధం లేదు. బ్యాటరీ నుంచి బ్లాక్‌కి ఒకటి, బ్లాక్ నుంచి బాడీకి ఒకటి లావు కేబుల్ వేయండి, కింద పెయింట్ గీకి. ఎర్త్ సరిగా లేకపోతే స్టార్టర్ కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది.

కారుకి వెల్డింగ్ చేసే ప్రతిసారీ బ్యాటరీ, ఈసీయూ ప్లగ్గులు విప్పండి.

కంప్యూటర్ గోల వద్దు, కొత్త ఇంజన్‌కి కార్బ్యురేటర్ పెట్టేస్తే?

కొన్ని ఇంజన్లకి ఆ మానిఫోల్డ్ దొరుకుతుంది. కానీ ఎల్‌ఎస్ లాంటి వాటిలో డిస్ట్రిబ్యూటర్ ఉండదు, ఒక్కో సిలిండర్‌కి ఒక్కో కాయిల్. వాటిని నడపడానికి ఎలాగూ ఒక ఎలక్ట్రానిక్ పెట్టె కావాలి. చలిలో స్టార్ట్ కావడం, మైలేజీ, కొండలెక్కినా తనంతట తాను సర్దుకోవడం... కొత్త ఇంజన్ దేనికోసమైతే తెచ్చారో అవన్నీ వదులుకున్నట్టే. నాకు నచ్చదు.

నా కారు 6 వోల్టులది, పైగా పాజిటివ్ ఎర్త్. ఏం చేయాలి?

రెండూ మారాలి. 1960ల చివరిదాకా చాలా బ్రిటిష్ కార్లలో బ్యాటరీ పాజిటివ్ బాడీకి కట్టి ఉండేది. ఈసీయూ అలా కలిపితే కాలిపోతుంది. 12 వోల్టులు, నెగెటివ్ ఎర్త్‌కి మార్చి బల్బులు, వైపర్ మోటర్, హారన్ రిలే, పాత రేడియో ఒక్కొక్కటే చూడండి.

దీనికంటే ప్రమాదకరమైనది డ్యాష్‌బోర్డ్ మీద ఉండే ఆమీటర్. పాత పద్ధతిలో కారు చార్జింగ్ కరెంటు మొత్తం దాని గుండానే పోతుంది. 20, 30 ఆంపియర్ల డైనమో రోజుల్లో సరే. కొత్త ఆల్టర్నేటర్ 100 ఆంపియర్లు తోస్తే డ్యాష్‌బోర్డ్ వెనక తీగ ఎర్రబడుతుంది. దాన్ని తప్పించి వోల్ట్‌మీటర్ పెట్టండి.

రేడియేటర్ పాతదే చాలా?

చాలదనే అనుకుని మొదలుపెట్టండి. పాత మూతలు 4 నుంచి 7 పీఎస్‌ఐవి, కొత్త ఇంజన్లకి 13 నుంచి 16 కావాలి. ప్రతి పీఎస్‌ఐకీ నీళ్లు మరిగే ఉష్ణోగ్రత సుమారు ఒకటిన్నర డిగ్రీలు పెరుగుతుంది. కొత్త మూత పాత రేడియేటర్ మీద పెడితే అతుకులు విడిపోతాయి.

ఫ్యాన్‌కి తప్పకుండా చుట్టూ కవచం ఉండాలి. అది లేకపోతే ఫ్యాన్ తన ముందున్న గుండ్రటి భాగం నుంచే గాలి లాగుతుంది, మూలలు వేడిగానే ఉంటాయి. రేడియేటర్ ఇంజన్ కంటే కిందికి ఉంటే లోపల గాలి బుడగలు ఇరుక్కుంటాయి. వ్యవస్థలో అన్నిటికంటే ఎత్తైన చోట నీళ్ల ట్యాంక్ పెట్టండి. ఎల్‌ఎస్ తలల పైనుంచి వచ్చే సన్నటి ఆవిరి గొట్టాన్ని కొందరు మూసేస్తుంటారు. మూయకండి, వెనక సిలిండర్ల దగ్గర ఆవిరి నిలిచిపోతుంది.

పాత మీటర్లు పనిచేస్తాయా?

చేయించొచ్చు. టెంపరేచర్, ఆయిల్ ప్రెషర్ మీటర్లకి వాటి పాత సెండర్లనే (మీటర్‌కి సిగ్నల్ పంపే ముక్కలు) ఇంజన్‌లో విడిగా బిగించండి, ఈసీయూ సెన్సార్లతో కలపొద్దు. కేబుల్ స్పీడోమీటర్‌కి ఎలక్ట్రానిక్ సిగ్నల్‌ని కేబుల్ తిప్పుడుగా మార్చే చిన్న మోటర్ పెట్టెలున్నాయి.

బ్రేకుల సంగతి?

ఇంజన్ కంటే ముందు బ్రేకులు. వేగం 80 నుంచి 120కి పెరిగితే ఆపాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు. ముందు డిస్కులు, రెండు విడి సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్ కనీసం ఉండాలి. పాత సింగిల్ సర్క్యూట్‌లో ఎక్కడ పైపు తెగినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. పెద్ద క్యామ్, టర్బో ఉన్న ఇంజన్ల నుంచి బూస్టర్‌కి సరిపడా వాక్యూమ్ రాకపోవచ్చు, అప్పుడు ఎలక్ట్రిక్ వాక్యూమ్ పంప్ పెట్టాలి.

రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్?

పని మొదలుకాకముందే రవాణా శాఖలో అడగండి, రాతపూర్వకంగా. అయిపోయాక అడిగితే వినేవాళ్లుండరు. నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. కాలిఫోర్నియాలో, ఉదాహరణకి, పొగ పరీక్ష వర్తించే కారులో పెట్టే ఇంజన్ ఆ కారు సంవత్సరానిదో, అంతకంటే కొత్తదో కావాలి, దానితో వచ్చిన కాలుష్య నియంత్రణ సామాను కూడా ఉండాలి. కాబట్టి క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సార్లు పారేయకండి. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా నడిపితే క్లెయిమ్ రోజున ఆ పాలసీ చిత్తు కాగితమే. డోనర్ కారు కొన్న రసీదు, ఇంజన్ నంబరు ఫోటో భద్రంగా ఉంచండి.

ఎంత కాలం పడుతుంది?

ఇంజన్ లోపల కూర్చోవడం ఒక వారాంతం. ఫోటోలు తీసి అందరికీ పంపేది ఆ రోజే. తర్వాత పైపులు, తీగలు, బ్రాకెట్లు, క్లచ్ పెడల్, ఎగ్జాస్ట్... సాయంత్రాలు మాత్రమే చేసేవాళ్లకి ఏడాది అనుకోండి. ఖర్చు కూడా అదే తీరు. ఇంజన్, గేర్‌బాక్స్‌కి ఎంత పెట్టారో చిన్నాచితకా సామానుకి అంతకు తగ్గకుండా అవుతుంది.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఏం చూడాలి?

పక్కన ఒక మనిషి, చేతిలో అగ్నిమాపక సిలిండర్. ముందు పంప్ మాత్రమే నడిపి పైపులన్నీ చేత్తో తడిమి చూడండి. తర్వాత ఇంజెక్టర్ల, కాయిల్స్ ఫ్యూజులు తీసేసి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా స్టార్టర్‌తో తిప్పండి. అప్పుడు ఫ్యూజులు పెట్టి మండించండి. మొదటి నిమిషం చెవి ఇంజన్ దగ్గర, కళ్లు ఆయిల్ ప్రెషర్ మీద. ఫ్యాన్ తనంతట తాను తిరిగేదాకా నిలబెట్టే నడపండి. 100 కిలోమీటర్లు తిరిగాక ప్రతి బోల్టూ మళ్లీ బిగించండి, ముఖ్యంగా ప్రొపెల్లర్ షాఫ్ట్‌వి.

తీసిన పాత ఇంజన్ ఏం చేయాలి?

అమ్మకండి. ప్లగ్ రంధ్రాల్లోంచి కొంచెం ఆయిల్ పోసి చేత్తో రెండు చుట్లు తిప్పండి, ప్లగ్గులు మళ్లీ బిగించండి. నీళ్లు పూర్తిగా వంచేయండి. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ నోళ్లు మూసి, నేల తడి తగలకుండా చెక్క స్టాండు మీద పెట్టి కప్పండి. విప్పిన బ్రాకెట్లు, బోల్టులు, పాత మౌంటింగులు ఒకే పెట్టెలో వేసి, ఏది ఎక్కడిదో రాసిన కాగితం అందులోనే పడేయండి. ఆరు నెలలకోసారి వెళ్లి క్రాంక్‌ని పావు చుట్టు తిప్పి రండి.